‘నెట్ రావడం లేదు’ అంటే ఏది రావడం లేదు?

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడవలసిన విషయం చిన్నది. ఇంట్లో లైనక్సు కంప్యూటరుకు నెట్ ఆగిపోయినప్పుడు, అది ఎక్కడ ఆగిందో కనిపెట్టడం ఎలా అన్నది. బాగు చేయడం అనకుండా కనిపెట్టడం అని ఎందుకు అంటున్నానంటే, ఎక్కడ ఆగిందో తెలిసిన తరువాత బాగు చేయడానికి చాలాసార్లు ఒక్క కమాండో, ఒక్క కేబులు మార్చడమో సరిపోతుంది. తెలియకుండా చేసే ప్రయత్నాలకే మన సాయంత్రాలు హరించుకుపోతాయి.

మనందరికీ ఒక అలవాటు ఉంది. నెట్ ఆగగానే గోడమీది బాక్సు స్విచ్ కట్టేసి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేస్తాం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా మొదట చెప్పేది అదే. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా, అందుకే ఆ అలవాటు పోదు. దానిమీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: స్విచ్ కట్టేసిన క్షణంలోనే, నెట్ ఎందుకు ఆగిందో చెప్పగలిగిన ఆనవాళ్ళలో చాలా భాగం చెరిగిపోతుంది. దొంగలు పడిన ఇంటిని పోలీసులు వచ్చేలోపే కడిగి ముగ్గు పెట్టినట్టు అవుతుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టి, నేను చెప్పబోయే నాలుగైదు కమాండ్లు కొట్టి, వచ్చిన జవాబులను ఒక కాగితం మీద రాసుకుని, ఆ తరువాత కావాలంటే నిక్షేపంగా ఆపి వేసుకోండి.

ఈ మాట నాకు ఎక్కడ తలకెక్కిందో చెబుతాను. మా బావగారిది రెండంతస్తుల ఇల్లు. ఫైబరు బాక్సు కింద హాల్లో ఉంటుంది, పైన పిల్లల గదిలోకి వైఫై సరిగా అందదు. ఒక వేసవిలో ఆయన అటకమీద పడి ఉన్న పాత రౌటరును దింపి, కింది బాక్సు నుంచి ఒక లాన్ కేబులును మెట్లమీదుగా పైకి లాగి దానికి తగిలించి, రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టారు. అది మొదలు మా మేనకోడలి ఉబుంటు (లైనక్సులో ఒక రకం) ల్యాప్‌టాప్‌కు రోజు విడిచి రోజు నెట్ ఆగిపోయేది. ‘మా ఫోన్లన్నింటిలోనూ బాగానే వస్తోంది కదటోయ్, నీ లైనక్సులోనే ఏదో తేడా ఉంది, అది తీసేసి పిల్లకు విండోస్ వేసివ్వు’ అని బావగారు తీర్పు చెప్పేశారు. అందులో లైనక్సు వేసింది నేనే కనుక నింద కూడా నాకే దక్కింది. ఈ కథకు మళ్ళీ వస్తాను.

‘నెట్ రావడం లేదు’ అన్నది వినడానికి ఒక్క ఫిర్యాదే అయినా, దాని లోపల చాలా ఫిర్యాదులు దాగి ఉంటాయి. బయటి తీగ తెగి ఉండవచ్చు, కంప్యూటరుకూ బాక్సుకూ మధ్య సంబంధం లేకపోవచ్చు, సంబంధం ఉండి అడ్రసు దొరకకపోవచ్చు, అడ్రసు ఉండి దారి తెలియకపోవచ్చు, దారి తెలిసి పేర్లు తెలియకపోవచ్చు. వీటిని కింది నుంచి పైకి వరుసగా చూసుకుంటూ రావాలి, ఎందుకంటే కింది మెట్టు విరిగినప్పుడు పైమెట్టు మీద కనిపించే లక్షణాలేవీ నమ్మదగినవి కావు.

బయటి తీగ సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఫైబరు బాక్సు మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతూ ఉంటే, అంటే బాక్సుకు కాంతి చేరడం లేదన్నమాట, ఇక లైనక్సులో వెతకడానికి ఏమీ లేదు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి టీ తాగవచ్చు.

ఆ లైటు ఆరిపోయి ఉంటే టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరవండి. ‘ఐపీ’ అని కొట్టి, జాగా వదిలి ‘లింక్’ అని కొట్టండి. పాత పుస్తకాల్లో కనిపించే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండు ఇప్పుడు చాలా లైనక్సు పంపిణీల్లో (ఉబుంటు వంటి రకాల్లో) ముందుగా ఉండదు; దాని స్థానంలోకి వచ్చినదే ఈ ఐపీ కమాండు. వచ్చిన జాబితాలో ‘ఎల్ఓ’ అన్నది కంప్యూటరు తనతో తాను మాట్లాడుకునేది కనుక దాన్ని పక్కన పెట్టండి. మిగిలిన వాటిలో ‘ఈఎన్‌పీ3ఎస్0’, ‘డబ్ల్యూఎల్‌పీ2ఎస్0’ వంటి పేర్లు కనిపిస్తాయి. ‘ఈటీహెచ్0’ అని హాయిగా ఉండే పేరును ఇలా మార్చారేమిటని విసుక్కున్నవారిలో నేనూ ఒకణ్ణి. కానీ పాత పద్ధతిలో రెండు నెట్‌వర్కు కార్డులున్న యంత్రంలో ఏది మొదట మేలుకుంటే దానికి సున్నా అంకె దక్కేది, రీబూట్ చేస్తే అంకెలు తారుమారయ్యేవి. 2013లో సిస్టమ్‌డీ, అంటే లైనక్సు లేచేటప్పుడు మిగతా పనులన్నింటినీ మొదలుపెట్టే ప్రోగ్రాము, తెచ్చిన కొత్త పద్ధతిలో కార్డు ఎక్కడ కూర్చుని ఉందో దాన్నిబట్టి పేరు వస్తుంది: ‘ఈఎన్’ అంటే ఈథర్నెట్, ‘డబ్ల్యూఎల్’ అంటే వైఫై, ‘పీ3’ అంటే మూడో నంబరు పీసీఐ బస్సు (కార్డులను కంప్యూటరుకు కలిపే దారి), ‘ఎస్0’ అంటే అందులో సున్నా నంబరు స్లాటు.

ఆ వరుసలో కోణపు బ్రాకెట్ల మధ్య ‘నో క్యారియర్’ అని పెద్ద అక్షరాల్లో ఉంటే కేబులులో ప్రాణం లేదని అర్థం. నాకు తగిలిన వాటిలో ఎక్కువ భాగం లాన్ కేబులు కొసన ఉండే ప్లాస్టిక్ చెవి విరిగిపోయినవే. ప్లగ్గు సాకెట్లో ఉన్నట్టే కనిపిస్తుంది, ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిగి ఉంటుంది. ‘లోయర్ అప్’ అని ఉంటే కేబులు వరకు క్షేమం.

వైఫై అయితే ‘ఆర్ఎఫ్‌కిల్’ కమాండు కొట్టి చూడండి. సాఫ్ట్ అని రాసి ఉన్న గడిలో ‘బ్లాక్డ్’ అని ఉంటే ఎవరో, చాలాసార్లు మనమే, పొరపాటున విమానం గుర్తు మీటను నొక్కారన్నమాట. ‘ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ అంటే విడిపోతుంది. హార్డ్ అన్న గడిలో ఉంటే ల్యాప్‌టాప్ పక్కన ఉండే చిన్న స్విచ్చును వేలితో వెతుక్కోవాలి, కమాండుతో అది కదలదు. జాబితాలో వైఫై పేరే లేకపోతే మాత్రం చాలాసార్లు అది ఫర్మ్‌వేర్, అంటే కార్డు పనిచేయడానికి దానిలోకి ఎక్కించవలసిన చిన్న ప్రోగ్రాము, లేని జబ్బు. ‘జర్నల్‌సీటీఎల్ హైఫన్ కే’ కొట్టి అందులో ఫర్మ్‌వేర్ అన్న మాట వెతికితే, ఏ ఫైలు దొరకలేదో కెర్నెల్, అంటే లైనక్సు గుండెకాయ, పేరు పెట్టి మరీ చెబుతుంది. స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను డెబియన్ అనే లైనక్సు పంపిణీ చాలాకాలం తన ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు. 2023 జూన్‌లో వచ్చిన 12వ సంచిక నుంచి చేరుస్తోంది కనుక కొత్తగా వేసేవారికి ఈ బాధ బాగా తగ్గింది.

ఇంకొక విచిత్రం ఉంది. పక్కనున్న ఫోనుకు మన వైఫై పేరు కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌కు మాత్రం కనిపించదు. రౌటరు 12 లేదా 13వ ఛానెల్‌లో పలుకుతుంటే ఇలా జరగవచ్చు. ఆ రెండు ఛానెళ్ళు మన దేశంలో చెల్లుతాయి, కానీ కార్డు తాను అమెరికాలో ఉన్నాననుకుంటే అటు చెవి పెట్టదు. రౌటరులో ఛానెల్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చడం అన్నింటికన్నా సులువైన మందు.

ఇప్పుడు అడ్రసు, అంటే నెట్‌వర్కులో మన కంప్యూటరును గుర్తుపట్టే అంకెలు. ‘ఐపీ ఏ’ అని కొట్టండి. మన కార్డు కింద ‘ఐనెట్’ అన్న మాట పక్కన 192.168తో మొదలయ్యే అంకెలుంటే ఇంటి రౌటరు మనకు అడ్రసు ఇచ్చిందనుకోవచ్చు. 169.254తో మొదలైతే ఎంత పిలిచినా ఎవరూ పలకక, కంప్యూటరు తనకు తానే ఒక పేరు పెట్టుకుందని అర్థం. దానితో గుమ్మం కూడా దాటలేం. అడ్రసు పంచే ఏర్పాటును డీహెచ్‌సీపీ అంటారు. కొత్తగా చేరిన కంప్యూటరు ‘ఇక్కడ అడ్రసులిచ్చేవారు ఎవరైనా ఉన్నారా’ అని వీధంతా వినబడేలా కేక వేస్తుంది. రౌటరు ‘ఇదిగో, ఇది తీసుకో’ అంటుంది. కంప్యూటరు ‘సరే, అదే ఇవ్వండి’ అంటుంది. రౌటరు ‘ఇన్ని గంటలపాటు నీదే’ అని ఖాయం చేస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. కేక విని ఇద్దరు పలికితే, కంప్యూటరు సాధారణంగా ముందు పలికినవారి మాటనే పట్టుకుంటుంది, వారి అర్హత ఏమిటని అడగదు.

బావగారింటి కథ ఇక్కడే తేలింది. నేను వెళ్ళిన రోజు నెట్ ఆగి ఉంది. స్విచ్చు వైపు వెళ్తున్న ఆయనను చెయ్యి పట్టుకుని ఆపి, ‘ఐపీ ఏ’ కొట్టాను. 192.168.0.104 అని వచ్చింది. ఆ తరువాత ‘జర్నల్‌సీటీఎల్ హైఫన్ యూ నెట్‌వర్క్‌మేనేజర్’ కొట్టి, కనెక్షన్లను చూసుకునే ఆ ప్రోగ్రాము రాసిన గత వారం రోజుల చిట్టా తీశాను. నెట్ బాగున్న రోజులన్నింటిలోనూ అడ్రసు 192.168.1.7, ఆగిన రోజులన్నింటిలోనూ 192.168.0.104. మూడో అంకెల గుంపు మారుతోందంటే అడ్రసు ఇచ్చే చెయ్యి మారుతోందన్నమాట. ‘ఐపీ రూట్’ కొడితే బయటికి దారి 192.168.0.1 గుండా అని వచ్చింది. బ్రౌజరులో ఆ అంకెలు కొడితే, అటకమీది నుంచి దిగిన ఆ పాత రౌటరు లాగిన్ పేజీ తెరుచుకుంది. దానికి బయటి లోకంతో సంబంధమే లేదు, మెట్లమీది కేబులును లాన్ రంధ్రంలోనే గుచ్చారు. అయినా పాత అలవాటు కొద్దీ అడిగినవారందరికీ అడ్రసులు పంచిపెడుతూ, దారి నేనే అని చెబుతోంది.

మరి ఫోన్లలో ఎలా వచ్చింది? వైఫైలో నెట్ లేదని పసిగట్టిన ఫోను చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోయింది. ఆ నెల రోజులూ వారి ఫోన్లు ప్యాకులు తింటున్నాయి కానీ ఎవరూ గమనించలేదు. ల్యాప్‌టాప్‌కు వేరే దారి లేదు కనుక అదొక్కటే నిజం చెప్పింది. అందుకే ‘ఫోనులో వస్తోంది’ అన్న సాక్ష్యాన్ని, ఫోనులో మొబైల్ డేటా ఆపి చూస్తే తప్ప, నేను ఒప్పుకోను. ఇక స్విచ్ ఆపి వేస్తే బాగుపడేదని ఎందుకు నమ్మారు? వేసిన ప్రతిసారీ రెండు రౌటర్ల మధ్య మళ్ళీ పందెం పడేది. సరైనది గెలిస్తే ‘చూశావా, ఆపి వేస్తే వచ్చింది’ అనేవారు, గెలవకపోతే మళ్ళీ ఆపేవారు. పాత రౌటరులో డీహెచ్‌సీపీ సర్వర్ అన్న పెట్టె ముందున్న టిక్కు తీసేసి, దాని అడ్రసును 192.168.1.2గా మార్చడంతో ఆ పందెం ముగిసింది.

అడ్రసు సరిగా ఉంటే ‘ఐపీ రూట్’లో ‘డిఫాల్ట్’ అన్న వరుస చూసి, అందులోని అడ్రసును, అంటే గేట్‌వేను, పింగ్ చేయండి, అంటే ‘ఉన్నావా’ అని పలకరించి జవాబు కోసం చూడండి. పింగ్ ప్రోగ్రామును అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో రాశారు. నెట్‌వర్క్ తిక్కగా ప్రవర్తిస్తుంటే దాని అంతు తేల్చడానికే రాశారు, జలాంతర్గాముల సోనార్ చేసే శబ్దం పేరే దానికి పెట్టారు. జవాబు వచ్చిందా రాలేదా అన్నదొక్కటే కాదు, ఎంతసేపటికి వచ్చిందన్నదీ చూడాలి. ఇంట్లోని గేట్‌వే నుంచి జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో రావాలి. ఒకసారి 3, ఒకసారి 400, మధ్యలో కొన్ని అసలు రాకపోవడం అయితే తప్పు కంపెనీది కాదు, మనకూ బాక్సుకూ మధ్య ఉన్న గోడలది. ‘ఐడబ్ల్యూ డెవ్’ అని, తరువాత కార్డు పేరు, తరువాత ‘లింక్’ అని కొడితే సిగ్నలు బలం రుణసంఖ్యల్లో కనిపిస్తుంది: −50 దివ్యంగా ఉన్నట్టు, −80 దగ్గరికి దిగితే కుర్చీ జరుపుకోవలసిందే.

గేట్‌వే పలికితే బయట ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8ను పింగ్ చేయండి. అదీ పలికి, బ్రౌజరులో మాత్రం ఏ సైటూ తెరుచుకోకపోతే, దారి ఉంది కానీ పేర్లు తెలియడం లేదన్నమాట. పేరును అంకెలుగా మార్చే డీఎన్‌ఎస్ పద్ధతిని పాల్ మోకాపెట్రిస్ 1983లో రూపొందించేవరకు నెట్‌వర్కులోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి, దాన్ని అందరూ దించుకునేవారు. దాని గుర్తుగా ఈటీసీ ఫోల్డరులో హోస్ట్స్ అన్న ఫైలు ఇప్పటికీ ఉంది. ఒకే ఒక్క సైటు తెరుచుకోకపోతే ముందు ఆ ఫైలు చూడండి. ఎప్పుడో ప్రయోగానికి ఒక వరుస రాసి మరచిపోయినవాణ్ణి నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో కనిపిస్తాడు.

ఉబుంటులో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిస్తే 127.0.0.53 అని ఉంటుంది. అది కంప్యూటరు లోపలే కూర్చున్న గుమాస్తా అడ్రసు మాత్రమే, అసలు సమాధానం ఇచ్చేది ఎవరో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ చెబుతుంది. చాలామంది ఆ ఫైలునే దిద్ది, తెల్లవారేసరికి మార్పు మాయమైందని వాపోతారు. ఆ ఫైలును రాసేది సిస్టమే కనుక అది మళ్ళీ తన రాతే రాసుకుంటుంది. మార్చవలసింది నెట్‌వర్క్‌మేనేజర్‌లో, మన కనెక్షన్ అమరికలలోని ఐపీవీ4 పుటలో. అక్కడ డీఎన్‌ఎస్ దగ్గర ‘ఆటోమేటిక్’ తీసేసి 1.1.1.1 లేదా 8.8.8.8 (ఎవరైనా వాడుకోగల డీఎన్‌ఎస్ సర్వర్లు) రాసి, కనెక్షన్‌ను ఒకసారి ఆపి కలపాలి.

ఇప్పుడు నాకు ఇష్టమైన జబ్బు. పింగ్ పలుకుతుంది, పేర్లు తెలుస్తాయి, కొన్ని సైట్లు ఠక్కున తెరుచుకుంటాయి, మరికొన్ని తెల్లగా తిరుగుతూనే ఉంటాయి. మెయిల్ వెళుతుంది, దానికి ఫోటో జతచేస్తే వెళ్ళదు. ఇలాంటిది చూడగానే నా అనుమానం ఎంటీయూ మీదికి పోతుంది. నెట్‌లో సమాచారం పొట్లాలుగా వెళుతుంది, ఒక్కో పొట్లం ఎంత పెద్దదిగా ఉండవచ్చనే హద్దే ఎంటీయూ. ఈథర్నెట్‌లో ఒక్కో పొట్లం 1500 బైట్ల వరకు ఉండవచ్చు. యూజర్ నేమ్, పాస్‌వర్డు కొట్టి కలిసే బ్రాడ్‌బ్యాండులు చాలావరకు పీపీపీఓఈ పద్ధతివి. ఆ పద్ధతి ప్రతి పొట్లానికీ 8 బైట్ల చీటీ అంటిస్తుంది కనుక మనకు మిగిలేది 1492. పెద్ద పొట్లం పట్టనప్పుడు దారిలోని రౌటరు ‘ఇది పట్టదు, చిన్నది పంపు’ అని వెనక్కి కబురు పెట్టాలి. భద్రత పేరుతో ఆ కబురును ఎవరైనా మధ్యలో అడ్డుకుంటే, పంపినవారు పంపుతూనే ఉంటారు, పొట్లాలు దారిలోనే మాయమవుతూ ఉంటాయి. చిన్న పొట్లాలకు ఏ ఇబ్బందీ లేదు కనుక పింగ్ మాత్రం ‘అంతా క్షేమం’ అంటుంది.

దీన్ని పట్టే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ‘పింగ్ హైఫన్ పెద్ద ఎం డూ, హైఫన్ చిన్న ఎస్ 1472, 8.8.8.8’ అని కొట్టండి. ‘ముక్కలు చేయకుండా పంపు’ అని మొదటి భాగానికి అర్థం. 1472కు తల దగ్గర 28 బైట్లు కలిస్తే సరిగ్గా 1500. జవాబు రాకపోతే 1464తో ప్రయత్నించండి. దానికి 28 కలిపితే 1492. మొదటిది మూగబోయి రెండోది గలగలా పలికితే దొంగ దొరికినట్టే. ‘సుడో ఐపీ లింక్ సెట్ డెవ్’, కార్డు పేరు, ‘ఎంటీయూ 1492’ అని కొడితే రీబూట్ వరకు పనిచేస్తుంది; శాశ్వతంగా కావాలంటే కనెక్షన్ అమరికలలో ఎంటీయూ గడి నింపాలి. ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవారికి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్కులోకి వేసుకునే రహస్య దారి) కలిపాక మాత్రమే ఈ తెల్లపేజీలు వస్తుంటే కారణం ఇదే జాతిది, వీపీఎన్ కూడా తన చీటీ అంటిస్తుంది. అంకె ఇంకా తగ్గించుకోవలసి వస్తుంది.

అన్నీ సరిగా ఉండి, ప్రతి సైటూ ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని బెదిరిస్తే గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయిన కంప్యూటరు పాత తేదీతో లేస్తుంది, ఆ తేదీకి సైట్లు తమ గుర్తింపుగా చూపే ఇవాళ్టి సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొడితే విషయం బయటపడుతుంది.

కంపెనీకి ఫోన్ చేయవలసి వచ్చినప్పుడు ఇవన్నీ రాసుకున్న కాగితం చేతిలో ఉండాలి. ‘నెట్ స్లోగా ఉంది’ అంటే ఆపి వేయమంటారు. ‘గేట్‌వే 2 మిల్లీసెకన్లలో పలుకుతోంది, 8.8.8.8కు పంపిన వందలో 30 రావడం లేదు, రాత్రి ఎనిమిదికి మొదలై పదకొండుకు తగ్గుతోంది’ అంటే ఫోన్ మరొకరికి ఇస్తారు. ఆ మరొకరే మనకు కావలసినవారు.

ముందు వరుసలోంచి ఒక చీటీ వచ్చింది. లైనక్సు కొత్తగా వేశాం, వైఫై ఫర్మ్‌వేర్ లేదు, దాన్ని దించుకోవాలంటే నెట్ కావాలి, ఆ నెట్ ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అని. మంచి ప్రశ్న. ఛార్జింగ్ కేబులుతో ఫోనును కంప్యూటరుకు తగిలించి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోను నెట్ ఆ కేబులు గుండా కంప్యూటరుకు అందుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు లైనక్సులో వేరే డ్రైవరు అక్కరలేదు, ‘ఐపీ లింక్’లో ‘యూఎస్‌బీ0’ అనో, ‘ఈఎన్‌ఎక్స్’తో మొదలయ్యే పొడుగు పేరుతోనో కొత్త కార్డు ప్రత్యక్షమవుతుంది. కావలసిన ఒక్క ప్యాకేజీని దించుకుని వెంటనే కేబులు పీకేయండి. కంప్యూటరు దాన్ని ఇంటి నెట్ అనుకుని వందల మెగాబైట్ల అప్‌డేట్లు మొదలుపెట్టిందంటే రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మధ్యాహ్నానికే అయిపోతుంది.